సందు వదిలిన లెన్సు

ముందు ఈ ఫోటో చూడండి. ఏం చూశారో చెప్పండి. కుర్చీలో ఒక ఆడమనిషి, కనురెప్పల వెంట్రుకలు కూడా తెలిసేటంత స్పష్టమైన మొహం, అంతే కదా? అక్కడే ఆగిపోయారు. ఆ మొహం చుట్టూ సుడి తిరుగుతున్న మసక ఉందే, అందులోకి మీరు చూడలేదు. భిలాయి స్టీల్ ప్లాంటు పక్కన, మన తెలుగువాళ్ళుండే క్యాంప్ 1 బస్తీలో ఫోటో చేతికిస్తే మొహం ఎవరూ చూడరు. ముందు మసకలోకే చూస్తారు.

ఇంద్రాణి పొద్దున్నే లేచి, నీళ్ళు పట్టి, అత్త వరలక్ష్మమ్మకి టీ ఇచ్చి కుట్టుమిషను ముందు కూర్చుంటుంది. స్కూలు యూనిఫారాలు కుడుతుంది. ఆమె మొగుడు రాజాబాబు కాంట్రాక్టు వెల్డరు. ఒడిశాలో ఫర్నేసు రిపేరుకని వెళ్ళి మళ్ళీ రాలేదు. ఫోను మోగదు. పని అయ్యాక ఎటో పోయాడని అక్కడివాళ్ళు అన్నారు. ఏళ్ళు గడిచాయి. ఉన్నాడో పోయాడో ఎవరికీ తెలీదు.

సెక్టర్ 6లో ఉండే క్రేన్ ఆపరేటర్ దుర్గారావు, భార్య పోయినవాడు, ఇంద్రాణిని చేసుకుంటానన్నాడు. నోటితో ఒక్కసారే అడిగాడు. ఆ తర్వాత ప్రతి ఆదివారం ప్యాంటు పట్టుకొచ్చి పొట్టి చెయ్యమంటాడు. ఎప్పుడూ అదే ప్యాంటు. అది చీలమండ దాటి పిక్క మీదికి ఎక్కింది.

"ఇంకేటి కత్తిరిస్తాను దుర్గారావుగారూ? నిక్కరైపోద్ది."

"అవ్వనీండి. మీ జవాబు వచ్చిందాకా అదే ఏసుకుంటాను."

జవాబు ఆమె దగ్గర లేదు. వరలక్ష్మమ్మ దగ్గర ఉంది. "ఇద్దరూ బతికున్నంత కాలం ముడి ముడే. వాడు పోయాడని తేలితే నీ ఇష్టం, అక్షింతలు నేనే ఏస్తాను."

పూర్వమైతే అది తేలడానికి ఒక పూట చాలు. నరసింగరావు స్టూడియోలో, ప్లాంటు కడుతున్న రోజుల నాటి కెమెరాకి ఒక పాత పోర్ట్రెయిట్ లెన్సు ఉండేది. దాని ముందు ఎవరు కూర్చున్నా, వాళ్ళకి కావలసినవాళ్ళలో పోయినవాళ్ళు వచ్చి కుర్చీ వెనక మసకలో నిలబడేవారు. బతికున్నవాళ్ళు రారు. తండ్రి లేని పెళ్ళికూతుళ్ళు అక్కడే ఫోటో తీయించుకునేవారు. "మీ నాన్న కొంచెం చిక్కాడే" అనుకుంటూ ఇంటికి తీసుకుపోయేవారు. రాజాబాబు వెళ్ళే ముందే స్టాండు ఒరిగి లెన్సు పగిలింది.

నరసింగరావు దాచి ఉంచిన ఆ పెంకులు ఇంద్రాణి గుడ్డలో మూటగట్టి, ప్లాంటు మెషిన్ షాపులో టర్నరుగా రిటైరైన గణపతిరావు దగ్గరికి వెళ్ళింది.

"మావయ్యా, దీన్ని మళ్ళీ చెయ్యగలవా?"

"ఎందుకో తెలుసమ్మా. చేస్తాను."

ఆయన పెంకుల వంపు కొలిచాడు. సైన్సు పరికరాలు చేసే అంబాలా ఊళ్ళో గాజులు అరగదీయించాడు. పవర్ హౌస్ మార్కెట్‌లో లేతు మిషను అద్దెకి తీసుకుని, ఆ గాజులు కూర్చే ఇత్తడి గొట్టం తనే తిప్పాడు. నరసింగరావు ఢిల్లీ నుంచి ఫిల్ము తెప్పించాడు, పెద్ద చదరపు నెగెటివు వచ్చే రకం. మొదటి రోలు కడిగితే వెనక గోడ ఉన్నది ఉన్నట్టు వచ్చింది. గోడ మీద బల్లి కూడా వచ్చింది. పోయినవాళ్ళు మాత్రం రాలేదు.

"ఇది లెన్సేటి భయ్యా, బేరింగులా బిగించేశావు," అన్నాడు నరసింగరావు. "గాలే దూరదు. చచ్చినోళ్ళెలా దూరతారు?"

గణపతిరావు విప్పి చూసుకున్నాడు. పాత లెన్సులో ముందున్న రెండు గాజులూ అతుక్కుని ఉంటాయి. వెనక రెంటి మధ్య సన్నటి రింగు పెట్టి సందు వదిలారు. అది ఎవడో చేతకానివాడు వదిలిన సందు అనుకుని, ఈయన రింగు తీసేసి బిగించాడు. ఆ చెయ్యి బతుకంతా నేర్చుకున్నది అదే. ప్లాంటులో సందు వదిలితే మెమో ఇస్తారు. మనిషి ఊపిరి పీల్చుకోడానికే సందు ఇవ్వని చోట ఇనుముకి ఎవడిస్తాడు?

బిస్కట్ డబ్బా రేకుతో రింగు కోసి మధ్యలో పెట్టాడు. మసక సుడి తిరిగింది.

వరలక్ష్మమ్మ ముందు కూర్చుంది. ఫోటోలో ఆమె వెనక, ఎప్పుడో పోయిన మొగుడు వచ్చాడు, వేళ్ళ మధ్య బీడీతో.

"ఛీ, అక్కడా మానలేదు," అంది. తర్వాత మసకంతా వెతికింది. కొడుకు లేడు. "చూశావేటి? నా కొడుకు బతికే ఉన్నాడు. ఇంక ఆ ప్యాంటాయన్ని రావొద్దని చెప్పు."

ఇంద్రాణి తల ఊపింది. చెప్పులు వేసుకోబోయింది.

"ఒక ఫ్రేము మిగిలింది. ఫిల్ము వేస్టు చెయ్యడమెందుకు, కూచోమ్మా," అన్నాడు నరసింగరావు.

ఆమె కూర్చుంది. మీరు ఇందాక చూసిన ఫోటో అదే. ఇప్పుడు మసకలోకి చూడండి. కుర్చీ వెనక ఒక పిల్ల నిలబడి ఉంది. సన్నగా, తల్లో కనకాంబరాలతో. కెమెరా వైపు చూడటం లేదు, గుమ్మం వైపు చూస్తోంది. ఆ పిల్ల కూడా ఇంద్రాణే, కొత్తగా కాపురానికి వచ్చినప్పటి ఇంద్రాణి.

గణపతిరావు గొట్టం విప్పి మళ్ళీ చూశాడు. "రింగు సరిగ్గానే ఉంది," అన్నాడు.

"ఎప్పుడు పోయిందమ్మా?" నరసింగరావు మెల్లగా అడిగాడు, పరామర్శకి వెళ్ళినప్పుడు అడిగినట్టే.

"తెలీదు బాబాయ్. పనిలో పడి నేనే చూసుకోలేదు."

వరలక్ష్మమ్మ ఫోటో చేతిలోకి తీసుకుంది. ఆ పిల్లకి పూలు పెట్టి ఇంట్లోకి తెచ్చుకున్నది ఆమే. చాలాసేపు చూసింది.

"మరి నా కొడుకొస్తే?"

"వస్తే, ఆ పిల్ల పోయిందని చెప్పండత్తా."

వరలక్ష్మమ్మ మాట తప్పే మనిషి కాదు. ఇద్దరిలో ఒకరు పోయాక ముడి ఎక్కడిది? ఆదివారం దుర్గారావు వస్తే గుమ్మంలోనే ఆపి, "ఆ ప్యాంటు అక్కడ పారేసి లోపలికి రా నాయనా," అంది. పెళ్ళినాడు అక్షింతలు తనే వేసింది.

అయినా ఒక బెంగ ఆమెని వదల్లేదు. పోయినవాళ్ళకి పదోరోజు పిండం పెట్టాలి కదా. పురోహితుణ్ణి అడిగింది. ఆయన ఫోటో చూసి తల గోక్కుని వెళ్ళిపోయాడు. మీరు చూశారు కదా, మీరే చెప్పండి. గుమ్మం వైపు చూస్తూ చూస్తూ పోయిన ఆ పిల్లకి కర్మ ఎవరు చెయ్యాలి?