బుగ్గమ్మ అద్దాల మేడ

పొద్దున్నే సబ్ సెంటర్ తలుపు తీయడం, వాకిలి ఊడ్వడం, మందుల బల్ల తుడవడం, ఆ తర్వాత బుగ్గమ్మకి దోసకాయ ముక్క వేయడం. రేగులగూడెంలో ఆయాగా చేరిన ఆరేళ్లలో ముత్తక్క పనుల వరస ఇది. చివరి పని మాత్రం నిరుడే వచ్చి కలిసింది. జీతంలో లేని పనే అయినా దాన్ని ఆమె ఒక్కరోజూ మరిచిపోలేదు.

బుగ్గమ్మ ఒక హామ్‌స్టర్. ఎలుకకి చెల్లెలు, కుందేలికి మేనకోడలు అన్నట్టుంటుంది. తోక ఉందంటే ఉంది, లేదంటే లేదు. దొరికిన గింజనల్లా బుగ్గల్లో కుక్కుకుంటుందని ముత్తక్కే ఆ పేరు పెట్టింది. నర్సమ్మ సంగీత తమ్ముడు కోటేష్ హైదరాబాదులో హాస్టల్ ఖాళీ చేస్తూ దాన్ని అక్క చేతిలో పెట్టి చక్కా పోయాడు. వచ్చినప్పుడు తీగల పంజరంలో ఉండేది. మూడో రోజుకే సందులోంచి జారిపోయి దూది కట్టల మధ్య గుర్రుపెట్టి నిద్రపోతూ దొరికింది. పిల్లులూ పాములూ పిలవని చుట్టాల్లా వచ్చిపోయే అడవి అంచు ఊరు అది. లాభం లేదని సంగీత భద్రాచలం వెళ్లి, నీళ్లు కారుతున్నాయని ఒక హోటల్‌వాళ్లు మూలన పడేసిన చేపల తొట్టి అడిగి తెచ్చింది. రెండడుగుల గాజు పెట్టె. అడుగున జానెడు మందాన రంపపు పొట్టు పోసి, అద్దం మూత పెడితే ఊపిరాడదని పైన ఇనప జాలీ వేసి, జాలీ మీద ఇటుక పెట్టింది. ఎండ తగిలితే లోపల ఉడికిపోతుందని ఎప్పుడూ నీడపట్టునే ఉంచేది.

ఊరంతా నవ్వింది. మన గుడిసెలకి తడికెలే దిక్కులేదు, ఎలుకకి అద్దాల మేడ కావాల్సొచ్చిందా అని ఊరి పెద్ద బొజ్జయ్య వచ్చిపోయేవాళ్లందరికీ చెప్పాడు. నవ్విన నాపచేనే పండుతుందని ఆయనకి నెల తిరక్కుండానే తెలిసింది.

పెట్టెని ఏ నేల మీద పెడితే ఆ నేల కడుపు అందులో కనపడేది. పగలంతా నిద్రపోయి, పొద్దుగూకే వేళకి బుగ్గమ్మ లేచి తవ్వడం మొదలుపెట్టేది. తెల్లారేసరికి అద్దం వెనక రంపపు పొట్టంతా పొరలు పొరలుగా తేరుకునేది. పైన ఎర్రమన్ను, దాని కింద మొరం, ఆ కింద సుద్ద. అడుగున బండ ఉంటే సొరంగం దాన్ని చుట్టుకుని పోయేది. వేరు ఉంటే దారమంత వేరు కనపడేది.

ఇందిరమ్మ ఇంటి పునాది తీసే ముందు పెట్టె ఒక్కరోజు ఇమ్మని మొదట వచ్చింది బొజ్జయ్యే. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని నీళ్ల జాడ చెప్పే పోతయ్య కూడా, తన కాయ కంటే దీని బుగ్గలే నయమని ఒప్పుకుని వరసలో నిలబడ్డాడు. సంగీత ఎవరికీ కాదనలేదు. టీకాల బుధవారం పొద్దునకల్లా పెట్టె తిరిగి రావాలి, పిల్లి ఉన్న ఇంటికి మాత్రం ఇవ్వను అనేది, అంతే.

అడగకుండా ఉండిపోయింది ముత్తక్క ఒక్కతే.

వాగు అవతల ఆమెకి రెండున్నర ఎకరాల పోడు ఉంది. భర్త జంపయ్య, తనూ కలిసి అడవి కొట్టి చేసుకున్న చెలక. ఎనభై ఆరు వరదలో గోదావరి ఎదురుతన్ని వాగు చేను మీద పడింది. గుడిసె కొట్టుకుపోయింది. జంపయ్య తవ్వి రాయి కట్టిన బావి ఒండ్రు కింద ఎక్కడుందో తెలియకుండా పూడిపోయింది. మిరప కోతలకని మధిర వైపు వెళ్లినవాళ్లు అక్కడే ఉండిపోయారు. జంపయ్య అక్కడే పోయాడు. ఆరేళ్ల కింద ముత్తక్క ఒంటరిగా తిరిగొచ్చి, అదే చెలకలో మళ్లీ జొన్న చల్లింది.

ఇప్పుడు, రెండువేల ఎనిమిదిలో, పోడు భూములకి పట్టాలిస్తామన్నారు. కానీ ఇది పాత పోడు అనడానికి గుర్తేదీ అని పట్టాల కమిటీ అడిగింది. ముత్తక్క చూపించగలిగింది ఒక్క జొన్న చేనే. అప్పటి సంగతి ఎరిగిన ముసలివాళ్లు ఒక్కరూ మిగల్లేదు. గురువారం సర్వే సారు వచ్చి చూస్తాడు. ఏ గుర్తూ లేకపోతే అక్కడ ఫారెస్టువాళ్లు జామాయిల్ మొక్కలు నాటుతారు. బావి దొరికితే భూమి నిలుస్తుంది.

ఆదివారం సంగీతే ఆమెని నిలదీసింది. ఊరందరికీ పెట్టె మోసుకుపోయి ఇచ్చావు, నీ చేను దగ్గరికొచ్చేసరికి ఏమైందని. ముత్తక్క పెట్టెలో పొట్టు సర్దింది.

"బాయి పక్కన నా బిడ్డ ఉంది నర్సమ్మా," అంది.

తొలి కాన్పు. ఆడపిల్ల. పేరు పెట్టడానికి ఇంకా పన్నెండు రోజులున్నాయనగా, తొమ్మిదో రోజున జ్వరంతో పోయింది. అదే జ్వరంలో ముత్తక్క కూడా కళ్లు తెరవలేకుండా మంచం మీద ఉంది. వాగు పొంగి వల్లకాటికి దారి లేదు. బావి పక్కనే జంపయ్య గుంట తీశాడు. ఆ గడ్డపార దెబ్బలు ఆమె మంచంలోంచి వింది. నాలుగో రోజున వరద వచ్చింది. గుంట ఎక్కడని ఆమె తర్వాత ఎన్నడూ అడగలేదు, అతనూ చెప్పలేదు. ఇన్నేళ్ల తర్వాత అద్దంలో దాన్ని చూడాల్సొస్తుందన్న భయం ఒకవైపు, ఎప్పటికీ చూడనేమోనన్న భయం ఇంకోవైపు.

సంగీత కళ్లు తుడుచుకుని పెట్టెకి ఒక వైపు తను పట్టుకుంది, రెండో వైపు ముత్తక్కని పట్టుకోమంది.

బుగ్గమ్మ రాత్రికొక్క చోటే తవ్వగలదు. పైగా దానికి ముసలితనం వచ్చింది. గురువారం లోపల నాలుగు సాయంత్రాలు, నాలుగు చోట్లు. ఆదివారం పెట్టిన చోట తునికి చెట్టు వేళ్లు కనపడ్డాయి. సోమవారం నల్లబండ. మంగళవారం చీమల పుట్ట, దాని గదులూ మాళిగలూ రాజుగారి కోటలా ఉన్నాయి కానీ అవి ఎవరికి కావాలి.

బుధవారం పొద్దున పెట్టె తేవడానికి చేనుకి వెళ్లిన ముత్తక్క ఊరికే నేల మీద వాలింది. బిడ్డ పోయినప్పుడు కూడా శ్రావణమే. మబ్బు కాస్త విచ్చి, రెండు గుట్టల సందులోంచి తొలి ఎండ ఆమె పాదాల మీద పడింది. అప్పటి గుడిసెలో, మంచంలో ఉన్నప్పుడు ఆ ఎండ తన ముఖం మీద పడేది. ఆమె లేచి నాలుగు అడుగులు జరిగి పడుకుంది. నడుము మీద పడింది. ఇంకొంచెం జరిగింది. ఎండ కనురెప్పల మీదకి వచ్చింది. కళ్లు మూసుకుని, ఆ రోజు గడ్డపార చప్పుడు ఏ చెవికి దగ్గరగా వినపడిందో గుర్తు చేసుకుంది. ఎడమ చెవి. తలకి ఎడమ పక్కన, పదిహేను అడుగుల మేర నడిచి, ఒక రాయి పెట్టి వచ్చింది. టీకాలకి ఆ రోజు ముప్పైమంది పిల్లలు వచ్చి ఏడ్చి పోయారు. ఆమె ఒక్కొక్కరినీ ఎత్తుకుని సముదాయించింది.

సాయంత్రం ఆ రాయి తీసి పెట్టె పెట్టారు. వాన పడితే తడవకుండా పైన తాటాకులు కప్పారు. బుగ్గమ్మ లేచి, మీసాలు దువ్వుకుని, బుగ్గల నిండా జొన్నలు నింపుకుని లోపలికి దిగింది.

తెల్లారి అద్దంలో బావి ఉంది. గుండ్రంగా, నిటారుగా, చుట్టూ ఆవగింజలంత రాళ్ల వరసలతో. జంపయ్య కట్టిన కట్టే. దాని పక్కన బొటనవేలంత చిన్న గుంట. బుగ్గమ్మ దాన్ని తవ్వలేదు. బుగ్గల్లో దాచుకున్న జొన్నలన్నీ దాని మీద పోసి, ఆ పక్కనే ముడుచుకుని నిద్రపోతోంది.

ముత్తక్క అద్దం మీద అరచెయ్యి ఆనించి గట్టిగా ఏడ్చింది. ఇరవై రెండేళ్లుగా లోపలే ఉంచుకున్న ఏడుపు అది. సంగీత ఆపలేదు.

సర్వే సారు బొజ్జయ్యని వెంటబెట్టుకుని పొద్దెక్కాక వచ్చాడు. గొంతుక్కూర్చుని అద్దంలోకి చూశాడు, కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాడు. బావి ఉన్నమాట నిజమే, కానీ నాలుగడుగులు తవ్వి రాయి చూసి రాస్తే తిరుగుండదని అన్నాడు. కూలీ గడ్డపార ఎత్తాడు.

"వద్దు సారూ," అంది ముత్తక్క. "భూమి పోతే పోనియ్యి. ఆ చప్పుడు ఇంకోసారి నేను వినలేను."

ఎందుకు వద్దంటోందో సంగీత మెల్లగా చెప్పింది. కూలీ గడ్డపార దించేశాడు. సారు చెప్పులు విప్పి పక్కన పెట్టి, కాగితాలు ఒళ్లో పెట్టుకున్నాడు.

"పాత బాయి, సమాధి. రెండూ గుర్తులే, రాస్త. సమాధి రాస్తే పేరు గూడ రాయాలమ్మా. బిడ్డ పేరేంది?"

ఆ బిడ్డకి పేరు పెట్టలేదని అక్కడున్న వాళ్లందరికీ అప్పటికి తెలిసింది. కానీ పేరు ఉంది. మంచంలో పడకముందు, పాలిస్తూ, ఎవరికీ చెప్పకుండా ముత్తక్క మనసులో అనుకున్న పేరు.

"నాగక్క," అంది.

"వయసు?"

"ఇరవై రెండు."

సారు కలం ఆపి ఆమె ముఖంలోకి చూశాడు. తర్వాత తల వంచుకుని అలాగే రాశాడు.

మరుసటి ఏడు పట్టా వచ్చింది. ముత్తక్కకి చదువు రాదు కనుక సబ్ సెంటర్ అరుగు మీద కూర్చుని సంగీత చదివి వినిపించింది. ఊరు, మండలం, హద్దులు, రెండు ఎకరాల ఇరవై గుంటలు. హక్కుదారు ముత్తక్క. ఆధారపడినవారు: కూతురు నాగక్క, ఇరవై రెండేళ్లు.

"ఆ ముక్క ఇంకోసారి చదువు నర్సమ్మా," అంది ముత్తక్క.