కార్తీక సోమవారం, బీజింగ్‌లో

2019 అక్టోబరు ఇరవయ్యవ తేదీ, ఆదివారం, సాయంత్రం నాలుగు గంటల ఇరవై నిమిషాలు. రాజమహేంద్రవరంలో మధ్యాహ్నమంతా కురిసిన వాన అప్పుడే నిలిచింది. ఆకాశంలో మూడొంతులు మబ్బు; గాలి లేదు; ఉక్కపోత. కోటిపల్లి బస్టాండు సమీపంలోని వెంకన్న గారి ట్రావెల్స్ ఆఫీసు మేడమీద ఇరవై మందికి పైగా రైతు కుటుంబాలవారు కూర్చుని ఉన్నారు. మరో రెండు వారాలలో వారంతా బీజింగ్, షాంఘై నగరాలకు బయలుదేరుతున్నారు. నేను కళాశాలలో చరిత్ర బోధించిన రోజుల్లో సదస్సుల నిమిత్తం రెండు పర్యాయాలు చైనా వెళ్లివచ్చాను. అందువల్ల వారికి నాలుగు మాటలు చెప్పమని అశ్విని కోరింది.

అశ్విని వెంకన్న గారి కుమార్తె. ఆయన ముప్పై ఏళ్లుగా పంచారామ యాత్ర నడుపుతున్నారు. కార్తీకమాసంలో ప్రతి సోమవారం వారి బస్సు అమరావతిలో తొలి దర్శనం చేయించి, భీమవరం, పాలకొల్లు, ద్రాక్షారామం మీదుగా రాత్రికి సామర్లకోట చేరుతుంది. ఐదు శివాలయాలు ఒక్క రోజులో. హైదరాబాదులో ఉద్యోగం మానుకొని వచ్చిన అశ్విని ఈ వ్యాపారాన్ని విదేశయాత్రల వైపు మళ్లించాలని సంకల్పించింది. తండ్రి ఒక షరతు మీద ఒప్పుకున్నారు. మా అందరి ఎదుటా ఆయన దాన్ని మరోసారి చెప్పారు.

"మన బస్సెక్కినోళ్లు అసలు దర్శనం అవకుండా ఇంటికి రావడం అన్నది లేదమ్మా. అక్కడ అలా జరిగిందా, ఇంక విదేశాల ఊసెత్తకు. బుద్ధిగా బస్సు చూసుకో."

"సరే నాన్నగారూ," అన్నది అశ్విని. ఆమె ముఖంలో భయం లేదు. అప్పటికి కారణమూ లేదు.

నేను ముందు ఫోన్లతో ప్రారంభించాను. వాట్సాప్, గూగుల్ మ్యాపు అక్కడ పనిచేయవు కనుక చైనావారు వాడే వీచాట్‌ యాప్‌ను ఇక్కడే వేయించుకోవాలి. అక్కడికి వెళ్లాక ఖాతా తెరవాలంటే ధ్రువీకరణ దొరకడం కష్టం. హోటలు చిరునామా చైనా లిపిలో ఉన్న కార్డు జేబులో ఉండాలి, ఎందుకంటే టాక్సీ డ్రైవరుకు ఇంగ్లీషు పేరు చెప్పినా ఉపయోగం ఉండదు. పాస్‌పోర్టు లేనిదే పెద్ద కట్టడాలలోకి ప్రవేశం లేదు. మరుగుదొడ్లలో కాగితం ఉండకపోవచ్చు గనుక వెంట తీసుకువెళ్లాలి. తాగడానికి వేడినీళ్లు మాత్రం స్టేషన్లలో, రైళ్లలో సమృద్ధిగా దొరుకుతాయి.

"అయితే మన ఫ్లాస్కులు పట్టుకెళ్లచ్చన్నమాట," అన్నాడు రామచంద్రపురం దగ్గరి రైతు బుల్లబ్బాయి. "మరి బేరాలండి, మేడంగారూ?"

"మాల్స్‌లో ఒకే ధర. బజారు కొట్లలో కాలిక్యులేటరు మీద అంకె చూపిస్తారు. దానిలో నాలుగో వంతుతో మొదలుపెట్టండి. నవ్వుతూ అడగండి. కుదరకపోతే రెండడుగులు వెనక్కి వేయండి, వారే పిలుస్తారు."

"ఆ చదువు మా ఆవిడకి చెప్పక్కర్లేదండి. ద్వారపూడి బట్టల కొట్లోళ్లు ఈవిణ్ణి చూస్తే షట్టరు దించేసుకుంటారు."

"మీరు కొన్న చొక్కాలు చూస్తే నవ్వుకుంటారు," అన్నది ఆయన భార్య సూర్యకళ. ఆ తరువాత ఆమె అసలు ప్రశ్న అడిగింది. "కార్తీకం కదండీ. ఉల్లి, వెల్లుల్లి కూడా ముట్టం. ఆ దేశంలో మేం తినేదేంటండి?"

నేను ఎదురుచూసిన ప్రశ్నే అది. కూరగాయల వంటకమని చెప్పినా అందులో మాంసపు రసమో, నత్తగుల్లల సాసో పడే అవకాశం ఉంది. కాని అక్కడి బౌద్ధ శాకాహార భోజనశాలలలో మాంసమే కాదు, ఉల్లి జాతి మొత్తం నిషిద్ధం. ఘాటైన దుంపలు మనసును కలతపెడతాయన్న భావన ఇక్కడి నుంచి బౌద్ధంతో పాటు అక్కడికీ చేరింది. కాబట్టి కార్తీక నియమం పాటించేవారికి అవి మన పూటకూళ్ల ఇంటికన్నా నమ్మదగినవి. ఈ వివరణ విన్నాక సూర్యకళ భుజాలు సడలాయి.

అప్పుడు అశ్విని లేచి కార్యక్రమం చెప్పింది. "ఆదివారం దిగుతాం. సోమవారం, కార్తీకంలో మొదటి సోమవారం, ముఖ్యమైనది: నిషిద్ధ నగరం. చక్రవర్తుల కోట. మంగళవారం చైనా గోడ. బుధవారం పొద్దున్నే షాంఘై రైలు."

"అమ్మా, ఆ కోట సోమవారం మూసి ఉంటుంది," అన్నాను.

ఈ పొరపాటుకు కారణం అజ్ఞానం కాదు, అలవాటు. పుట్టినప్పటి నుంచి ఆమె చూసిన యాత్రలన్నిటిలో ప్రధాన దర్శనం సోమవారమే. వారంలో ఆ ఒక్క రోజు తలుపులు వేసుకునే చోటు ఉంటుందన్న అనుమానమే ఆమెకు కలుగలేదు. బీజింగ్‌లోని ఏజెంటు పాస్‌పోర్టు నంబర్లు తీసుకున్నాడు గాని, టిక్కెట్ల అమ్మకం ఇంకా తెరవనందున తేదీ సంగతి ఎత్తలేదు.

"ఐదు గుళ్లు ఒక్క రోజులో తిప్పినవాడి కూతురివి," అన్నారు వెంకన్న గారు మెల్లగా. "ఒక్క కోట తలుపు ఎప్పుడు తీస్తారో కనుక్కోలేకపోయావా?"

అశ్విని పెదవి కొరుక్కున్నది. "మంగళవారం కోటకెళ్దాం నాన్నగారూ. ఉపవాసంతో సోమవారం గోడ మెట్లెక్కలేరు కాబట్టి అది బుధవారం పెట్టి, రాత్రికి షాంఘై చేరతాం."

"అయితే షాంఘైలో బజారు రోజు పోయినట్టేగా?" వెనుక నుంచి ఎవరో అడిగారు. ఆ ప్రశ్నకు చాలామంది తలలు ఊపారు. వారిలో ఎవరు కాదన్నా ఆ సర్దుబాటు కుదరదు. అశ్వినికీ, వెంకన్న గారికీ ఆ సంగతి తెలుసు.

సూర్యకళ చీర కొంగు సర్దుకొని లేచింది. "బట్టలు ఎక్కడైనా దొరుకుతాయండి. అంత దూరం వెళ్లి కోట చూడకుండా వస్తే ఊళ్లోవాళ్లకి ఏం చెప్తాం? నా బజారు నేను వదులుకుంటన్నా. ఉపవాసాలున్న సోమవారం పూట కోటంతా తిరగలేం కూడాను."

"ఈవిడే వదులుకుందంటే ఇంకెవరికండి అభ్యంతరం?" అన్నాడు బుల్లబ్బాయి. నవ్వులు లేచాయి. అశ్విని అక్కడికక్కడే ఏజెంటుకు ఫోను చేసి, అమ్మకం తెరిచిన వెంటనే మంగళవారానికి తీసుకోమని ఖాయం చేసింది.

ఖాళీ అయిన సోమవారానికి నేనొక సూచన చేశాను. కోట వెనుక జింగ్‌షాన్ అనే చిన్న కొండ ఉంది. కోట చుట్టూ కందకం తవ్విన మట్టితో కట్టినది. అది సోమవారం కూడా తెరిచి ఉంటుంది. కోరుకొండ గుడి మెట్లు ఎక్కినవారికి అది లెక్కలోది కాదు. సాయంత్రం పైకి వెళితే కోట కప్పులన్నీ ఒక్కసారే కనిపిస్తాయి, చుక్కను చూసి ఉపవాసమూ విరమించవచ్చు.

నవంబరు నాలుగున మధ్యాహ్నం మూడు దాటాక అశ్విని వీడియో కాల్ చేసింది. మాకు ఎండ, వారికి అప్పుడే చీకటి పడుతున్నది. నేనూ, వెంకన్న గారూ ఆఫీసులో ఫోనును గోడకు ఆనించి చూశాము. పసుపు కప్పులు వరుస వెనుక వరుసగా దక్షిణానికి సాగిపోతున్నాయి. ఆయన కళ్లద్దాలు తుడుచుకొని మళ్లీ పెట్టుకున్నారు.

"మేడంగారండి!" బుల్లబ్బాయి ముఖం తెర నిండా వచ్చింది. "అదిగో, కప్పుల మీద మెరుస్తంది. ఇంక తినేయచ్చా?"

"అది గురుగ్రహం, నక్షత్రం కాదు. పడమర వైపు బాగా ఎత్తున చూడండి, అభిజిత్ ఉంటుంది."

"ఆకలేస్తుంటే గ్రహమూ చుక్కేనండి!"

"తల ఎత్తండి ముందు," అన్నది సూర్యకళ గొంతు. తరువాత అందరూ ఒక్కసారిగా "కనబడింది, కనబడింది" అన్నారు. ఆమె సంచిలోంచి తీసిన అటుకులూ బెల్లమూ చేతులు మారాయి. భోజనం బౌద్ధ భోజనశాలలో సిద్ధంగా ఉన్నదని అశ్విని చెప్పింది.

"రేపటి టిక్కెట్లు?" అన్నారు వెంకన్న గారు.

"అందరివీ నా దగ్గరే ఉన్నాయి నాన్నగారూ."

మర్నాడు వారు కోటలో దక్షిణద్వారం నుంచి ఉత్తరద్వారం దాకా నడిచారు. బృందం తిరిగి వచ్చిన రోజున వెంకన్న గారు మధురపూడి విమానాశ్రయానికి స్వయంగా బస్సు తీసుకువెళ్లి, ప్రతి ఒక్కరినీ దర్శనం సంగతి అడిగారు. అందరి సమాధానమూ విన్నాక కూతురి పెట్టె తానే ఎత్తి బస్సులో పెట్టారు. "వచ్చే ఏడాది ఎక్కడికి?" అని మాత్రం అడిగారు.

ఆ మరుసటి ఏడాది ఎక్కడికీ వెళ్లడం కుదరలేదు. అంటువ్యాధి వల్ల ప్రయాణాలన్నీ ఆగిపోయాయి; చైనాకు నేరు విమానాలు మళ్లీ మొదలవడానికి 2025 అక్టోబరు దాకా పట్టింది. ఆరేళ్ల తరువాత, 2025 నవంబరులో, అశ్విని రెండవ బృందాన్ని బీజింగ్ తీసుకువెళ్లింది. ఈ కొత్త బృందంలో పద్దెనిమిది మంది ఉన్నారు.