ఎదురు తన్నిన మురుగు

వాన వెలిసి గంటైంది. మా ఇంట్లో మాత్రం మడమలు మునిగేంత నీళ్ళున్నాయి. నీళ్ళు అనడం మర్యాద కోసమే. బాత్రూమ్ మూలనున్న నేల జాలీలోంచి బుడబుడమని పైకొచ్చిన ఆ నల్లటి దాంట్లో ఏమేం తేలుతున్నాయో చెబితే ఈ పూట మీకు ముద్ద దిగదు. నాకు దిగలేదు.

మేముండేది సెల్లార్లో. మామగారు పోయేముందు పై అంతస్తు పెద్ద కొడుక్కి, కింది మూడు గదులు చిన్న కొడుక్కి అని నోటిమాటగా పంచారు. ఆ చిన్న కొడుకు మా ఆయన. అన్నగారి ముందు నోట్లో నాలుక లేని మనిషి. ఏడాదిగా గట్టి వాన పడ్డప్పుడల్లా మాకిదే తంతు. మా అమ్మాయి కాలివేళ్ళ సందుల్లో ఒరుసుకుపోయి పుండ్లు పడ్డాయి. చీపురుతో తోసి, బ్లీచింగ్ చల్లి, మళ్ళీ తోసి, నా చేతులంటే నాకే రోత పుట్టింది.

బావగారి తీర్పు ఎప్పుడో అయిపోయింది. నేను బట్టలు కుడుతూ దారప్పోగులన్నీ జాలీలో పడేస్తున్నానట. "ఇంకొక్కసారి పొంగిందంటే వేరే ఇల్లు చూసుకోండి. నా ఇల్లు పాడవుతోంది" అని పోయిన వానకే చెప్పేశారు. నా ఇల్లట! మా ఆయన తల దించుకుని విన్నారు. ఈసారి ఆయన డ్యూటీ నుంచి వచ్చేదాకా ఆగకుండా నేనే ప్లంబర్ని పిలిపించాను.

ముక్కుకి తువ్వాలు కట్టుకుని దిగాడతను. ముందు గోడలు తడిమి చూశాడు.

"పొడిగానే ఉన్నాయమ్మా. వాన నీళ్ళు ఇంకితే గోడ చెమ్మెక్కి సున్నం రాలుతుంది. దానికైతే డాబా గొట్టాన్ని గోడకి దూరంగా వదిలి, గోడ పక్కన మట్టి బయటికి వాలేలా ఎత్తు చేస్తే చాలు. మీది ఆ రోగం కాదు. వీధి పైపు వానకి నిండి వెనక్కి తంతోంది. అందరికంటే కిందున్నది మీరు. అందుకే మీ దగ్గర తేలుతోంది."

"దారప్పోగుల వల్ల కాదా?"

"దారాలకంత బలమెక్కడిదమ్మా? ఇది వీధి మొత్తం మురికి."

వీధి మొత్తం మురికిలోనా నా బిడ్డ ఏడాదిగా నడుస్తోంది? కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకున్నాను.

అతను బయటికి వెళ్ళి గేటు పక్కనున్న మురుగు గుంత మూత లేపాడు. లోపలికి టార్చి వేసి, తల పైకెత్తి ఇంటిని ఎగాదిగా చూశాడు.

"మీరు కొత్తగా అద్దెకి దిగారామ్మా?"

"పదకొండేళ్ళుగా ఇక్కడే ఉంటున్నాం."

అతని ముఖం పాలిపోయింది. "ఈ పైపులో ఒక రెక్క ఉండేదమ్మా. మురుగు బయటికి పోయేటప్పుడు తెరుచుకుంటుంది, వెనక్కి వస్తే మూసుకుంటుంది. పైవాళ్ళు తుడుచుకుని టాయిలెట్లో పడేసే వైప్స్ దానికి చుట్టుకుని, పైన నీళ్ళు దిగడం లేదని నన్ను పిలిచారు. వైప్స్ మానేయండి సార్, ఇది తీస్తే కింద మునుగుతుందని చెప్పాను. కింద ఎవరూ ఉండరు, పాత సామానే, పీకెయ్ అన్నారు పెద్దాయన. పోయినేడు నేనే పీకేశాను."

పైన బాల్కనీలో నిలబడి వింటున్న బావగారు చప్పున లోపలికి తప్పుకున్నారు. కేక పెడదామని నోరు తెరిచాను.

"ఆయన తమ్ముడుగారు కూడా పక్కనే ఉన్నారమ్మా," అన్నాడు ప్లంబరు. " టార్చి పట్టుకుంది ఆయనే. ఎవరూ ఉండరు కదా అని ఆయన్నీ అడిగాను. అవునని తలూపారు."

బావగారికున్న ఒక్క తమ్ముడు మా ఆయనే. ప్రతి వానకీ ఆ మనిషి నా పక్కన వంగి, "ఎక్కడ్నించి వస్తోందో ఏమిటో" అంటూ బకెట్టు అందించేవాడు. ఆ మురుగుని చేత్తో ఎత్తినప్పుడు కూడా నాకింత అసహ్యం కలగలేదు.

కొత్త రెక్క బిగించమన్నాను. పని అయ్యాక పై మెట్లెక్కి, వాన జోరుగా కురుస్తున్నంతసేపు ఎవరూ నీళ్ళు వాడకూడదని, రెక్క మూసుకుని ఉంటే పై నీళ్ళే బయటికి దారిలేక మా గదుల్లోకి పొంగుతాయని అతని చేతే చెప్పించాను.

"అంతసేపు ఎలా ఆపుకుంటాం?" అంది తోటికోడలు.

"ఏడాదిగా మేం ముక్కు మూసుకోలేదా అక్కా? మేం ఇల్లు ఖాళీ చెయ్యం. వినపడిందా బావగారూ?" అన్నాను.

సాయంత్రం మా ఆయన వచ్చేసరికి నేల కడిగి సెల్లార్ మెట్ల పైనున్న తలుపు దగ్గర నిలబడి ఉన్నాను. ప్లంబరు చెప్పిందంతా చెప్పాను. ఆయన కాదనలేదు.

"అన్నయ్య మాటకి ఎదురెలా చెప్పను?" అన్నారు.

"పిల్ల కాళ్ళకి మందు రాసేటప్పుడైనా నాతో చెప్పచ్చుగా?"

ఆయన చెప్పులు విప్పి, మెట్లు దిగబోయారు.

"పైకి వెళ్ళండి. కింద ఎవరూ ఉండరు" అని తలుపు వేసి గడియ పెట్టాను.