జర్నల్ ఎక్కడ పెట్టావు?

"నువ్వు లేకపోతే ఈ ఇల్లు ఒక్క పూట నడవదే," అన్నాడు మొగుడు, ఆమె అందించిన సాక్సు తొడుక్కుంటూ. పదకొండేళ్లుగా అదే మాట. మెచ్చుకోలే కదా, ఏమనగలదు! లంచ్ డబ్బాలకి మూతలు పెట్టి, మామగారి మాత్రలు ఆయన చేతిలో పోసి, ఆఫీసుకి పరిగెత్తింది.

పదకొండింటికి పరీక్ష. లెక్కలు చేసే నలభై మిషన్లు ప్రతిదానికీ డిస్కుల దాకా వెళ్లకుండా, కావలసిన డేటాని మెమరీలోనే ఉంచి అందించే క్యాష్ అనే ఏర్పాటుని నెల రోజులు కిందా మీదా పడి ఆమే నిలబెట్టింది. ఏ డేటా ఎక్కడుందో తెలిసేది మాస్టర్ మిషన్‌కే. అది పడిపోతే పక్కనున్న స్టాండ్‌బై పని అందుకోవాలి. ఇవాళ అందరి ముందూ మాస్టర్‌ని కావాలనే ఆపేస్తారు. స్టాండ్‌బై అందుకోలేదో, ఈ పని ఆమె చేతిలోంచి పోయినట్టే. "ఆవిడకి ఇంట్లో సవాలక్ష పనులు, ఇదెందుకు అప్పజెప్పడం" అని మేనేజరు ముందే అనేశాడు.

పదిన్నరకి చివరిసారి చూసుకుంటుంటే తప్పు కంటబడింది. మాస్టర్ చేసే ప్రతి మార్పునీ రాసుకునే జర్నల్, రెండు మిషన్లకీ అందేచోట ఉండాల్సింది, మాస్టర్ సొంత డిస్కు మీద ఉంది! మాస్టర్ పోతే జర్నలూ దాంతోనే. స్టాండ్‌బై లేస్తుంది, లేచి వెర్రిమొహం వేసుకుని నిలబడుతుంది. ఆ సెట్టింగ్ రాసిన రోజు గుర్తొచ్చింది. ఇంటి నుంచి తొమ్మిది ఫోన్లు, అన్నీ "అదెక్కడుంది, ఇదెక్కడుంది" అనే. నోరు మూసుకుని, తర్వాత తప్పు నెట్‌వర్కు మీదకి తోసేస్తే? చెప్తే "నేను ముందే అనలా?" అంటాడు మేనేజరు. అయినా వెళ్లి చెప్పింది. "తప్పు నాదే సార్. ఒక్క గంట టైమివ్వండి."

"ఇంటి ఆలోచనలు ఇంట్లో పెట్టి రావాలమ్మా," అన్నాడు మేనేజరు. అందరూ నవ్వారు. ఆమెకి చచ్చినంత పనైంది. గంట మాత్రం ఇచ్చాడు.

జర్నల్‌ని రెండు మిషన్లకీ అందేచోటికి మార్చి, పన్నెండింటికి మాస్టర్‌ని ఆపేసింది. తెర మీద అన్నీ ఎర్రగా అయిపోయాయి. ఐదు సెకన్లు, పది, ఇరవై. ఇరవయ్యారో సెకనుకి స్టాండ్‌బై లేచింది, జర్నల్ చదువుకుంది, పని అందుకుంది.

"భలే! ఇక మీరు లేకపోయినా నడుస్తుందన్నమాట," అన్నాడు మేనేజరు.

చప్పట్ల మధ్య ఆమెకి ఇంకో భయం పట్టుకుంది. ఇల్లు కూడా ఇలాగే నడిచిపోతే, ఆ ఇంటికి తనెందుకు? ఇన్నాళ్లూ ఎవరికీ ఏదీ అప్పజెప్పకుండా అన్నీ తన బుర్రలోనే పెట్టుకుంది ఈ భయంతోనేనా? సిగ్గేసింది. ఒళ్లు మండింది కూడా.

ఫోన్ మోగింది. మొగుడు.

"పాప స్కూలు ఫారం నింపమన్నారే. బ్లడ్ గ్రూపేంటి? చూసే డాక్టరెవరు? ఒంటికి ఏది పడదు? అవన్నీ నీకే కదా తెలుసు, గబగబా చెప్పు."

జవాబు నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది.

"కాయితం, పెన్ను తీసుకోండి," అంది. "పాపవే కాదు, ఇంట్లో అందరివీ చెప్తాను. మీరే రాసుకోవాలి. మళ్లీ చెప్పను."