ఏమీ రాదని రుజువు

పిల్లకు ఏమీ రాదని ఏడాదికోసారి డాక్టరు ముందు రుజువు చేయాలి. లోకంలో తక్కిన తల్లులంతా మావాడికి లెక్కలొచ్చు, మా అమ్మాయికి డాన్సొచ్చు అని చాటింపు వేసుకుంటుంటే, దర్జీ పని చేసుకునే ఈ తల్లి పన్నెండేళ్ల కూతురికి రానివన్నీ కాగితం మీద రాసుకుని, పొద్దున్నుంచీ ఆసుపత్రి వరండాలో పడిగాపులు కాస్తోంది. రానివి తగినన్ని ఉంటేనే బడిలో పిల్ల పక్కన కూర్చోడానికి ఆయాను ఇస్తారు. లేదంటే కొట్టుకు తాళం వేసి తల్లే వెళ్లి కూర్చోవాలి. ఆయా ఉన్న ఆ ఆరు గంటలే ఆమె మనిషిలా బతికేది. కుట్టుమిషను తొక్కుకుంటూ, ఎవరి మూతీ తుడవకుండా, వేడి టీ వేడిగా తాగేది.

పిల్లను ఇంట్లో దొరసాని అంటారు. ఎవరెంత పిలిచినా తన తీరిక చూసుకునే పలుకుతుంది మరి.

తోడు వచ్చిన ఆడపడుచుకు సలహాలివ్వడం వెన్నతో పెట్టిన విద్య.

"ఏదడిగినా రాదనే చెప్పు. నిరుడు నవ్వావు, డాక్టరు పిల్లకు మూడు మార్కులు ఎక్కువేశాడు. మళ్లీ ఇస్త్రీ చీరే కట్టావా? కష్టాల్లో ఉన్నట్టు కాస్తయినా కనపడవే!"

"నీటుగా ఉంటే నీకేం కష్టమంటారు. నలిగిపోయి కనపడితే పిల్లనేం చూస్తుందంటారు. ఏం కట్టుకోమంటావు వదినా?"

అంతలో పిలుపొచ్చింది, వదిన కూడా వెంటే లోపలికి నడిచింది.

లోపల డాక్టరు తలెత్తకుండా ఒక్కొక్కటే అడుగుతున్నాడు. పేరు చెబుతుందా? చెప్పదండి. తనే తింటుందా? తినదండి. సగం నేల పాలు చేసినా దొరసాని తనే తింటుంది. కన్నకూతురి మీద తానే చాడీలు చెబుతున్నట్టుండి తల్లికి ఏడుపొచ్చింది.

"గుండీలు పెట్టుకుంటుందా?"

"పెట్టుకోదండి."

ఇది మాత్రం అక్షరాలా నిజం. పాత గుడ్డకు పెద్ద పెద్ద గుండీలు కుట్టి రెండేళ్లుగా నేర్పుతోంది. ఆ రెండేళ్లలో దొరసాని నేర్చింది వాటిని కొరికి తెంపడమే.

ఫ్యాను గాలికి చొక్కా ఎగురుతుంటే దొరసానికి చిరాకేసింది. తల వంచి, నాలుక బయటపెట్టి, గుండీని కాజాలోకి తోసింది. అది దూరింది. రెండోదీ దూరింది. డాక్టరు కలం ఆగింది.

"చెయ్యి పట్టుకోవే!" అని వదిన గొణిగింది.

పట్టుకుంటే సరిపోయేది. తల్లి చెయ్యి చాచింది కూడా. మూడోది దూరేసరికి ఆ చేతులే చప్పట్లు కొట్టాయి.

"నా తల్లే! నా బంగారమే!"

"రాదన్నారుగా?"

"ఇందాకటిదాకా రాదండి!"

డాక్టరు చెడ్డవాడేం కాదు. గొంతు తగ్గించాడు. "ఇది రాస్తే ఆయా పోతుందమ్మా. నేను చూడలేదనుకుంటాలెండి."

వదిన చేతులు జోడించేసింది. తల్లికి మూసిన కొట్టు కళ్లముందే ఉంది. రేపట్నుంచి ఆ ఆరు గంటలూ ఉండవని తెలుసు. అయినా నవ్వు ఆగడం లేదు.

"చూడండి సార్, బాగా చూడండి. పన్నెండేళ్లకు ఒకటొచ్చింది. దాన్నీ రాదనమంటే నావల్ల కాదు. రాసుకోండి. తేదీ కూడా వెయ్యండి."