గాలి వచ్చే వైపు

పైపు మూతికి బొటనవేలు అడ్డంపెట్టి కొండప్ప నీళ్లను గోడౌను రేకుల మీదికి చిమ్మాడు. వేడెక్కిన రేకులు చుయ్యిమన్నాయి. తడిసినచోట నల్లబడి, చూస్తుండగానే మళ్లీ తెల్లబడిపోతున్నాయి. పొట్టి మనిషి. ఎండకు వక్కలా గట్టిపడిన ఒళ్లు. లుంగీ ఎగగట్టి, నోరు కొంచెం తెరిచి, నీటి ధారలో పుట్టి చెరిగిపోయే చిన్న ఇంద్రధనుస్సును చూస్తూ అతను నిలబడితే, పనిచేస్తున్నాడో కలగంటున్నాడో ఎవరికీ తెలిసేది కాదు.

హోసూరు నుంచి రాయకోట పోయే దారిలో ఉంది ఆ గోడౌను. లోపల ఆడవాళ్లు మిక్సీలను అట్టపెట్టెల్లో సర్ది, టేపు అంటించి పేరుస్తారు. వాళ్లకు చల్లగా ఉండేలా చూడటమే కొండప్ప పని. రేకులు తడపాలి, కూలర్లలో నీళ్లు నింపాలి, కిటికీలకు కట్టిన గోనెపట్టాలు ఆరిపోకుండా కనిపెట్టుకుని ఉండాలి. ఒకప్పుడు ఆ ప్రాంతంలో ఎండాకాలంలోనూ దుప్పటి కప్పుకుని పడుకునేవాళ్లు. ఇప్పుడు చల్లదనం కోసం ఒక మనిషినే పెట్టుకోవలసి వచ్చింది.

అంతకుముందు అతను జవళగిరి అడవి అంచున గొర్రెలు మేపేవాడు. మిట్టమధ్యాహ్నం గొర్రెలు మేత మానేసి, ఒకదాని పొట్టనీడలో ఒకటి తల దూర్చి నిలబడిపోయేవి. గాలి ఏ వైపునుంచి వస్తోందో చూసి మెల్లగా వాటిని అటు మళ్లించేవాడు. మేత నేలలకు కంచెలు పడ్డాక మందను అమ్మేసి, భార్య తిమ్మక్కతో ఉద్దనపల్లికి వచ్చేశాడు. ఆమె ఒక రేకులషెడ్డులో రాళ్లకు పాలిష్ పెట్టే పనికి కుదిరింది. సాయంత్రం ఒళ్లంతా పొయ్యిమీది పెనంలా కాలిపోతూ ఇల్లు చేరేది. గుమ్మం దగ్గర పడుకుంటే అతను చేటతో విసిరేవాడు.

“ఇంగ చాలా?” అనేవాడు చెయ్యి నొప్పిపుట్టి.

“ఇంగా రవ్వంత ఇసురు,” అనేది ఆమె కళ్లు తెరవకుండానే.

ఒక వేసవిలో ఆమె ఆ షెడ్డులోనే కూలిపోయింది. అతను పరుగెత్తుకు వెళ్లేసరికి బయట వేపచెట్టు కింద పడుకోబెట్టి ఉన్నారు. ఆ నీడలో గాలి ఎంత చల్లగా ఉందో ఇప్పటికీ అతని ఒంటికి గుర్తే.

ఆ రోజు రేకులు తడిపాక, పట్టాలు తడపడానికి గోడౌనులోకి వెళితే పడమటి షట్టరు దించేసి ఉంది. గాలి కదలడం లేదు. పెట్టెలు సర్దే మంజులమ్మ చేతిలో టేపు అలాగే పట్టుకుని గోడకు జారగిలబడింది. పెదాలు పాలిపోయాయి. కొండప్ప భుజంమీది తువ్వాలు తడిపి ఆమె మెడమీద వేసి, సూపర్‌వైజరు సెల్వం దగ్గరికి నడిచాడు. ఇన్నేళ్లలో ఎవరినీ ఏదీ అడిగిన మనిషి కాదు.

“షట్టరు ఎత్తప్పా. ఆడోళ్లు ఉడికిపోతా ఉండారు.”

“ఎత్తితే రోడ్డు దుమ్మంతా పెట్టెల మింద పడతాది. మేనేజరు నన్ను పట్టుకుంటాడప్పా.”

“దుమ్ము నేను తుడుస్తాను. నా పెండ్లాము ఇట్లాంటి షెడ్డులోనే పోయింది.”

సెల్వం అతని మొహంలోకి చూశాడు. కొండప్పకు ఒకప్పుడు భార్య ఉండేదన్న సంగతే అతనికి తెలియదు.

“సాయంత్రం మేనేజరు వస్తాడు. ఆయప్ప వచ్చేలోగా మూసేయాల,” అన్నాడు మెల్లగా.

ఇద్దరూ కలిసి షట్టరు ఎత్తారు. కొండప్ప దానికి అడ్డంగా తడిపట్టాలు వేలాడదీశాడు. గాలి వాటిని లోపలికి ఉబ్బించి, చెమ్మనూ మట్టివాసననూ మోసుకొచ్చింది. ఎక్కడో దూరాన కెలవరపల్లి ఆనకట్ట నీళ్లను తాకి వచ్చినట్టే ఉంది. మంజులమ్మ లేచి కూర్చుంది. ఎవరో కూనిరాగం తీశారు. అతను పెట్టె తరవాత పెట్టె తుడుస్తూ పోయాడు. తుడిచీ తుడిచీ, ఎడమ భుజం లాగుతుంటే పట్టాల పక్కన అట్టలకట్ట మీద కూర్చుని కళ్లు మూసుకున్నాడు.

“కొండప్పన్న నిద్రపోయినాడే,” అంది ఒకామె.

“లేపొద్దండమ్మా. పొద్దుగాల నుంచి నిలబడుకోనే ఉండాడు,” అంది మంజులమ్మ.

టేపు లాగితే కీచుమంటుంది. ఆ మధ్యాహ్నం అందరూ దాన్ని చప్పుడు కాకుండా, మెల్లగా, పెట్టెకు హత్తించుకుంటూ లాగారు. చెప్పులు విడిచి నడిచారు.

పొద్దు వాలాక సెల్వం వచ్చాడు. “లేప్పా, మూసేద్దాము,” అంటూ భుజం తట్టాడు. కొండప్ప ఒళ్లు చల్లగా ఉంది.

బయట మేనేజరు కారు ఆగింది. ఆయన లోపలికి వచ్చి ఏదో అనబోయి, నేలమీద కూర్చుని ఏడుస్తున్న ఆడవాళ్లను చూసి ఆగిపోయాడు.

“షట్టరు అట్లే ఉండనీ సార్,” అన్నాడు సెల్వం.

కొండప్పను వ్యానులో ఉద్దనపల్లికి తీసుకుపోయారు. అట్టలకట్ట పక్కన, అతను లేచాక తాగుతాడని మంజులమ్మ పెట్టిపోయిన మజ్జిగ గ్లాసు, పైన కాగితం మూతతో, ఆ గాలిలో ఒంటరిగా ఉంది.