నీలం గౌనుకి పొడుగు చేతులు

ఓడ ప్రయాణానికి ఏం సర్దుకోవాలో మాకు ఒకరు చెప్పనక్కర్లేదని నా గట్టి నమ్మకం. గుడ్డతో బతికిన మనుషులం. మేడ కింద గదిలో నేనూ మా చెల్లెలూ కలిసి టైలరింగ్ షాపు నడుపుతున్నాం. మొదటి అంతస్తులో చెల్లెలు ఉంటుంది, రెండో అంతస్తులో నేనుంటాను. ఏ గుడ్డ నలుగుతుందో, ఏది తడిస్తే రంగు వదులుతుందో చేత్తో తాకి చెప్పేస్తాం. అయినా సరే, ట్రావెల్ ఆఫీసులో పనిచేసే చెల్లెలి కూతురు రోజూ ఫోన్ చేసి చెవిలో జోరీగలా రొద పెట్టింది. టిక్కెట్లు తీసింది అదే కాబట్టి వినక తప్పలేదు.

"పెద్దమ్మా, పెద్ద పెట్టెలు రేవులోనే తీసేసుకుంటారు. అవి మీ గదికి వచ్చేసరికి సాయంత్రం అవుతుంది. అందుకని మందులు, ఒక జత బట్టలు చేతిసంచీలో పెట్టుకోండి. ఇస్త్రీపెట్టె తీసుకెళ్లకండి, ఓడలో ఒప్పుకోరు. కత్తెర అసలే వద్దు."

"కత్తెర లేకుండా ఎలాగే?"

"సెలవుకి వెళ్తున్నావు పెద్దమ్మా, షాపుకి కాదు. ఇంకోటి, మొదటి రోజు సాయంత్రమే కెప్టెన్ విందు ఉంది. దానికి మాత్రం ఒక మంచి డ్రెస్సు ఉండాలి."

ఆ మంచి డ్రెస్సు దగ్గరే వచ్చింది తంటా అంతా.

నా కుడిచేతికి భుజం నుంచి మోచెయ్యి దిగేదాకా కాలిన మచ్చ ఉంది. నా చిన్నప్పుడు అమ్మ ఇంట్లో నలుగురి బట్టలూ ఉతికి, గంజి పెట్టి, ఇస్త్రీ చేసి ఇచ్చేది. ఒకరోజు చెల్లెలు తన బొమ్మ గౌనుకి గంజి పెడదామని వెళ్లి పొయ్యి మీది గిన్నె పట్టుకుని లాగింది. దానికి అప్పుడు ఐదేళ్లు. నేను దాన్ని పక్కకి తోశాను, గంజి నా మీద పడింది. నీళ్లయితే జారిపోయేవి. గంజి అంటుకుపోతుంది.

ఆ తర్వాత ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తలేదు. అమ్మ నాకు పొడుగు చేతుల బట్టలు కుట్టింది. అమ్మ పోయాక చెల్లెలు కుట్టడం మొదలుపెట్టింది. నా బట్టలు ఇంకొకరిని ముట్టుకోనివ్వదు, నన్ను కూడా ముట్టుకోనివ్వదు. ఎండాకాలమైనా సరే, నిండు చేతులు, మణికట్టు దగ్గర రెండు గుండీలు. నేనూ కిక్కురుమనకుండా తొడుక్కున్నాను. తొడుక్కోనంటే దాని ముఖం ఎలా మారిపోతుందో నాకు తెలుసు.

పోయిన వేసవిలో ఒక పెళ్లీడు పిల్ల షాపుకి వచ్చింది. మెడ మీద పుట్టుమచ్చ, అరచేతంత. అది కనపడకుండా కాలరు ఎత్తుగా పెట్టమంది. నేను ఊరుకోవచ్చు కదా, ఊరుకోను. "దాచేకొద్దీ అందరి కళ్లూ అక్కడికే పోతాయమ్మా, హాయిగా మెడ దించి కుట్టించుకో" అని పెద్ద ఆరిందాలా చెప్పాను. ఆ పిల్ల నన్ను పైనుంచి కిందిదాకా చూసి, "మీకు ఉక్కపొయ్యట్లేదా ఆంటీ?" అంది. నా గుండీల దగ్గర చెమట కారుతోంది. చెప్పేవి నీతులు, తొడిగేవి పొడుగు చేతులు! సిగ్గుతో చచ్చిపోయాను. ఆరు నూరైనా ఈసారి చేతుల్లేని గౌను వేసుకుని నలుగురిలోకి వెళ్లాలని ఆ రోజే నిర్ణయించుకున్నాను.

ముదురు నీలం గుడ్డ కొన్నాను. నేనే కత్తిరించాను, నేనే కుట్టాను. చంకల అంచు చుట్టూ సన్నటి పైపింగు పట్టీ వేశాను. చెల్లెలు పక్క మిషన్ మీద స్కూలు యూనిఫారాలు కుడుతూ ఓరకంట చూస్తూనే ఉంది.

"చేతులు ఎప్పుడు అతుకుతావు?" అంది చివరికి.

"అతకను. ఇంతే."

అది మిషన్ ఆపింది. ఏదో అనబోయి, దారం తెగకపోయినా సూదిలోకి మళ్లీ దారం ఎక్కించింది. నేను గెలిచాననుకున్నాను. నోరు మూసుకున్న చెల్లెలిని నమ్మకూడదని ఇన్నేళ్లొచ్చినా నాకు బుద్ధి రాలేదు.

పెట్టె అదే సర్దింది. మడత పెట్టడంలో దానికి సాటి లేరు, నేను సర్దితే బట్టల మూట అవుతుంది. చెప్పులు అడుగున, వాటి మీద బరువు బట్టలు, అన్నిటికంటే పైన పల్చటి కాగితంలో చుట్టి నీలం గౌను. "ఇక దీన్ని ఓడలోనే విప్పు, నలుగుతుంది" అంది. ఎంత శ్రద్ధ అనుకున్నాను.

రేవులో పెద్ద పెట్టెలు తీసుకుని బండి మీద పడేశారు. తర్వాత చేతిసంచీల తనిఖీ. నా సంచీలోంచి కత్తెర బయటికొచ్చింది. చెల్లెలి సంచీలోంచి చిన్న ఇస్త్రీపెట్టె బయటికొచ్చింది. ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. దొంగలిద్దరూ ఒకే ఇంటివాళ్లు! తనిఖీ చేసే కుర్ర ఆఫీసరు రెండూ పక్కన పెట్టి, దిగేటప్పుడు తీసుకోమన్నాడు.

"నా కత్తెరతో కాగితం కత్తిరించకండి, పదును పోతుంది" అన్నాను.

"అలాగేనండీ" అన్నాడు పాపం, చాలా మర్యాదగా.

ఓడ ఎక్కాక మధ్యాహ్నమంతా పై అంతస్తులో గాలికి తిరిగాం. నీళ్లు చూస్తే నాకు ప్రాణం లేచొచ్చింది. చెల్లెలు మాత్రం గడియకోసారి గదిలోకి వెళ్లి పెట్టె వచ్చిందేమో చూసి వస్తోంది. పెట్టె మీద దానికెందుకంత బెంగో నాకు అర్థం కాలేదు. విందుకి ఇంకాస్సేపుందనగా వచ్చాయి పెట్టెలు. గది అగ్గిపెట్టెంత. రెండు మంచాలు, మధ్యలో మనిషి అడ్డంగా తిరిగితేనే పట్టే సందు. మంచం మీద పెట్టె తెరిచి కాగితం విప్పాను.

గౌనుకి చేతులున్నాయి. పొడుగు చేతులు, మణికట్టు దగ్గర రెండేసి గుండీలు.

ముందు నాలో టైలరు బుద్ధి పనిచేసింది, కోపం తర్వాత వచ్చింది. తిరగేసి చూశాను. మిగిలిన గుడ్డతోనే కుట్టింది. నేత వాలు కూడా కలిసింది. భుజం దగ్గర ఒక్క ముడత లేదు. మిషన్ మీద కాదు, చేత్తో, పైపింగు కింద నుంచి, చీమలు బారులు తీరినట్టు సన్నటి కుట్టు. మా షాపులో అంత మంచి పని ఈ మధ్యకాలంలో జరగలేదు.

ఆ తర్వాత ఒళ్లు మండిపోయింది.

"ఎప్పుడు కుట్టావే ఇది?"

చెల్లెలు రెండో మంచం మీద కూర్చుని దుప్పటి అంచు నలుపుతోంది. "నువ్వు కళ్లజోడు తెచ్చుకోడానికి వెళ్లినప్పుడు ఒకటి. బ్యాంకుకి వెళ్లినప్పుడు ఇంకోటి."

"కస్టమర్ గౌను అయితే ఇలా చేస్తావా? వాళ్లని అడక్కుండా వాళ్ల బట్ట ముట్టుకుంటావా?"

"కస్టమర్ వేరక్కా."

"అవును, వేరే. ఊళ్లోవాళ్లకి ఇచ్చే మర్యాద తోడబుట్టినదానికి దండగ."

నేను వదల్లేదు, నాకు ముక్కు మీద కోపం, ఒకసారి వచ్చిందంటే కడుపులో ఉన్నదంతా కక్కేదాకా పోదు. ఇన్నేళ్లు ఎండాకాలాలు ఎలా గడిపానో చెప్పాను. ఉక్కపోతకి మోచేతి మడతలో ఒరుసుకుపోయి పుళ్లు పడితే ఎవరికీ చెప్పకుండా పౌడరు రాసుకున్న సంగతి చెప్పాను. అది వింటూ ఇంకాస్త ముడుచుకుపోయింది.

"అందరూ చూస్తారక్కా" అంది చివరికి.

"చూడనీ."

"ఏమైందని అడుగుతారు."

"అడగనీ. చెప్తాను."

"ఏం చెప్తావ్?"

అప్పుడు చూశాను దాని కళ్లలోకి. యాభై దాటిన మనిషి, ఇద్దరు పిల్లల తల్లి, ఐదేళ్ల పిల్లలా బిక్కచచ్చి కూర్చుంది. నేను చెప్పబోయే జవాబే దాని భయం. పొడుగు చేతులు కుట్టినంత కాలం నన్ను ఎవరూ అడగరు, అడగనంత కాలం నేను చెప్పక్కర్లేదు, దాని పేరు బయటికి రాదు. నా చేతికి అది గుడ్డ చుడుతూ వచ్చింది తన కోసం. నాకు తెలియక కాదు. తెలిసే తొడుక్కున్నాను. దాని మీద నాకున్న ప్రేమ అంత, ఆ ప్రేమకి తోడు నా పిరికితనం కూడా అంతే.

ఒక్క క్షణం, పోనీలే, ఈ ఒక్కసారికి ఇలాగే వేసుకుని వెళ్దామా అనిపించింది. అలా అనిపించిన మరుక్షణమే నా మీద నాకు చిరాకు వేసింది. ఈసారి లొంగితే ఇక పాడె మీద కూడా నన్ను పొడుగు చేతులతోనే పడుకోబెడుతుంది.

గౌను దాని ఒళ్లో పడేశాను. "విప్పు."

"నేనా?"

"కుట్టినవాళ్లే విప్పాలి. మన షాపు పద్ధతే కదా."

మా షాపులో ఎంత పెద్ద టైలరైనా తను తప్పు కుట్టింది తనే విప్పాలి, పక్కవాళ్ల మీదకి తొయ్యకూడదు. ఆ నియమం పెట్టింది చెల్లెలే. కాదనడానికి దానికి నోరు లేదు. కత్తెర లేదు కాబట్టి పెట్టెలోంచి సూది తీసింది. ఒక్కో కుట్టు సూదిమొనతో లేపి, పంటితో తెంపడం మొదలుపెట్టింది. అంత సన్నగా కుట్టినందుకు అది తన్ను తాను తిట్టుకుంటూనే ఉంది. బయట వరండాలో సెంటు వాసనలూ, ఎత్తు మడమల టకటకలూ విందుకి సాగిపోతున్నాయి.

"మిషన్ మీద ఎందుకు కుట్టలేదే? రెండు నిమిషాల పని" అన్నాను.

అది తల ఎత్తలేదు. "విప్పాల్సొస్తే పైపింగు పాడవుతుందని."

నాకు కోపం సగం అక్కడే దిగిపోయింది. చెయ్యకూడని పని చేస్తూ కూడా నేను కుట్టినది చెడకుండా చూసుకుంది. పక్కన కూర్చుని, ఊడిన దారాలు ఏరి చేతిలో పట్టుకున్నాను.

ఎడమ చెయ్యి ఊడొచ్చింది. అది గౌను రెండో పక్కకి తిప్పింది.

"అక్కా, కుడివైపుది ఉంచుదామా? ఒక్కటే?"

"ఒంటిచేతి గౌనా? ఏ దేశం ఫ్యాషనే అది?"

అది నవ్వింది. ఏడుస్తూ నవ్వింది. ముక్కు చీదుకుని రెండోది కూడా విప్పేసింది.

మేం వెళ్లేసరికి విందు సగమైంది. పెద్ద హాలు, తలుపు నుంచి మా బల్ల దాకా చాలా దూరం. నేను నీలం గౌనులో చేతులు ఊపుకుంటూ నడిచాను. కొందరు చూశారు. చూసి మళ్లీ తమ పళ్లాల్లోకి తిరిగారు. ఇంతేనా అనిపించింది. ఇన్నేళ్లూ నేను భయపడింది ఈ పాటి చూపుకా! చర్మానికి గాలి తగులుతోంది, అంత హాయి అంతకుముందు నాకు తెలీదు.

మా బల్ల దగ్గర ఒక రిటైర్డు నర్సు, ఆవిడ భర్త ఉన్నారు. భర్త తిండిలో మునిగి ఉన్నాడు. నర్సుగారు మాత్రం నా చేతి వంక వంగి మరీ చూసింది. ఆవిడ చూపులో ఎబ్బెట్టు లేదు, పాత ఉద్యోగం అలవాటు.

"ఇది వేడినీళ్లకి కాలింది కాదు" అంది. "నూనెకా?"

నా దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. వంటింట్లో చిన్న ప్రమాదం, చిన్నప్పుడు, అంతే. చెల్లెలి ఊసు లేకుండా అల్లుకుని పెట్టుకున్నాను. నోరు తెరిచేలోగా పక్కన చెంచా పళ్లెంలో పడిన చప్పుడైంది.

"గంజి అండీ" అంది చెల్లెలు. గొంతు గట్టిగానే ఉంది. "నావల్లే కాలింది. బొమ్మ గౌనుకి గంజి పెడదామని గిన్నె లాగాను. మా అక్క నన్ను తోసేసి తను కాల్చుకుంది. ఇంతవరకూ అక్కకి సారీ కూడా చెప్పలేదు నేను."

నర్సుగారి భర్త నమలడం ఆపాడు.

ఇన్నేళ్లలో నా బట్టలకి కొలతలు తీసేటప్పుడు చెల్లెలు టేపు ఎప్పుడూ నా ఎడమచేతికే పెట్టేది. రెండు చేతులూ ఒకటే కదా అనేది. కుడిచేతిని అది ఒక్కసారి కూడా తాకలేదు. ఇప్పుడు ఇటు తిరిగి, అరచెయ్యి పూర్తిగా విప్పి, నా మచ్చ మీద పెట్టింది. పెట్టి, ఆశ్చర్యంగా నా ముఖంలోకి చూసింది.

"చల్లగా ఉందే అక్కా!" అంది.

"ఏసీ కదే మరి" అన్నాను. ఆ చెయ్యి మాత్రం అది తియ్యలేదు, నేనూ తియ్యనివ్వలేదు. మిగిలిన అన్నం ఇద్దరం ఒక్కో చేత్తోనే తిన్నాం.